వైజాగ్‌లో బైక్ రెంట్‌కి తీసుకుని అరకు వెళ్ళొచ్చాం
మొన్న డిసెంబర్‌లో నేను, మా బావ వైజాగ్ స్టేషన్ దగ్గర ఒక షాపులో హిమాలయన్ బండి రెండు రోజులకి రెంట్‌కి తీసుకుని అరకు వెళ్ళాం, సుమారు 115 కిలోమీటర్లు. ఇంజిన్ మాత్రం సూపరండీ, ఎస్ కోట దాటాక అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే ఇద్దరం కూర్చున్నా ఎక్కడా ఆయాసపడకుండా లాగేసింది, రెండు పక్కలా సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకిన మిరియం తీగలు, కింద కాఫీ మొక్కలు, హెల్మెట్ అద్దం మీద మంచు పట్టేస్తుంటే చేత్తో తుడుచుకుంటూ వెళ్ళాం.

దిగేటప్పుడే భయమేసింది. వెనక బ్రేక్ ప్యాడ్లు అరిగిపోయి ఉన్నాయి, గాలికొండ దాటాక ఒక మలుపులో బ్రేక్ తొక్కితే కీచుమని సౌండ్ వస్తుందే గానీ బండి ఆగట్లేదు, ఇక ముందు బ్రేక్ కొద్దికొద్దిగా పట్టుకుంటూ సెకండ్ గేర్‌లోనే మెల్లగా దింపాం. ఘాట్‌కి వెళ్తున్నాం అని ముందే చెప్పినా చెక్ చేయకుండా ఇవ్వడం చాలా తప్పు. తిరిగొచ్చి చెప్తే ఓనర్ అన్న సారీ చెప్పి ఒక రోజు రెంట్ వెనక్కిచ్చాడు, అది నచ్చింది. మీరు తీసుకుంటే బ్రేకులు, టైర్లు దగ్గరుండి చూసుకోండి, ఎస్ కోటలోనే ట్యాంక్ ఫుల్ చేయించండి, చీకటి పడకముందే ఘాట్ దిగేయండి.