తంజావూరులో నాలుగు రోజులు: దుకాణంలో కొన్న పటం, ఇంట్లో చేయించుకున్న వీణ

తంజావూరు వెళ్లి వచ్చి మూడు నెలలు దాటింది. అక్కడ ఒక దుకాణంలో 14,500 రూపాయలు పోసి నేను కొన్న పటం గురించీ, ఆ తర్వాత ఆ ఊరి మనుషులు తమ ఇళ్లలో కూర్చోబెట్టి మాకు చూపించిన పనితనం గురించీ రాయకపోతే, నా వెనక వెళ్లేవాళ్లు కూడా అదే ఆటో ఎక్కి అదే దుకాణం ముందు దిగుతారు.

మా అమ్మాయి రాజమండ్రిలో ఏడేళ్లుగా వీణ నేర్చుకుంటోంది. వీణలకు పేరున్న బొబ్బిలి మాకు తంజావూరు కన్నా దగ్గరే అయినా, గురువుగారిది తంజావూరు వీణ కావడంతో చేతికి అలవాటైన ఆ తీరే కావాలని పట్టుబట్టింది. మా అత్తగారికి డెబ్బై రెండేళ్లు, పైగా మోకాళ్ల నొప్పులు. అయినా త్యాగరాజస్వామి సమాధి ఉన్న తిరువయ్యారు వెళ్లే అవకాశం మళ్లీ రాదని ఆవిడా బయల్దేరారు. ఫిబ్రవరిలో ఒక రాత్రి చెన్నై ఎగ్మోరులో ఉళవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి తెల్లవారేసరికి తంజావూరులో దిగాం. పాత బస్టాండు దగ్గర లాడ్జీలో రోజుకు 1,800 రూపాయలని ఫోనులో చెప్పి, దిగాక మూడో మనిషి పరుపుకు రోజుకు 500 అదనంగా వేశారు. ఉదయం ఏడు దాటితే వేణ్నీళ్లు వచ్చేవి కావు. పరుపు లెక్కా, వేణ్నీళ్ల వేళా తేల్చుకున్న తర్వాతే బయానా కట్టండి.

ఆ ఉదయమే పెద్ద గుడికని ఎక్కిన ఆటో మమ్మల్ని ముందుగా ఒక చిత్రపటాల దుకాణానికి తీసుకువెళ్లింది. చల్లని గదిలో కూర్చోబెట్టి, టీ ఇచ్చి, 22 క్యారట్ల బంగారు రేకు అని రాసి ముద్ర వేసిన కాగితం చూపించి, వెన్నకుండ పట్టుకున్న బాలకృష్ణుడి పటానికి 19,000 చెప్పారు. బేరమాడి 14,500కి తీసుకున్నాను. అమ్మాయి నా చెయ్యి పట్టుకుని రెండుసార్లు వెనక్కి లాగింది. అత్తగారు "ఇంత తొందరేమిటమ్మా" అని ఒక్క మాట అని ఊరుకున్నారు. ఇద్దరి మాటా వినలేదు. మధ్యాహ్నం భోజనం దగ్గర ముగ్గురమూ మాట్లాడుకోలేదు.

మరునాడు పెద్ద గుడి చూశాం. రాజరాజ చోళుడు 1010లో పూర్తి చేయించిన ఆ కట్టడం గురించి చెప్పేవాళ్లు ఎందరో ఉన్నారు కనుక, ఉదయం తొమ్మిదిలోపు వెళ్తే కాళ్లు కాలవని మాత్రం చెబుతాను.

అసలు తంజావూరు మాకు ఆ సాయంత్రం కనిపించింది. కోట వెనక ఒక సందులో నడుస్తుండగా అత్తగారు మోకాలు పట్టేసి ఒక ఇంటి అరుగు మీద కూలబడి, "దాహంగా ఉందమ్మా" అన్నారు. నేను సీసా వెతికేలోగా లోపలి నుంచి ఒక పెద్దావిడ చెంబుతో వచ్చి, "నీళ్లు తాగండక్కా. ఏ ఊరి నించి వస్తిరి?" అని తెలుగులో అడిగింది. అత్తగారి ముఖం రెండు రోజుల్లో మొదటిసారి విప్పారింది. వాళ్లు రాజు కులస్థులు, తంజావూరు పటాలు వేసే పాత కుటుంబాల్లో ఒకటి. బయట తమిళం, ఇంట్లో తెలుగు. తమ పెద్దలు రాయల కాలం తర్వాత ఇటు వచ్చారని ఆ ఇంటి పెద్దాయన చెప్పారు. 1673 దాకా ఇక్కడ ఏలిన నాయకరాజులు తెలుగులో కావ్యాలూ యక్షగానాలూ రాయించారనీ, రఘునాథ నాయకుడూ విజయరాఘవ నాయకుడూ స్వయంగా రాశారనీ చదువుకున్నాం గానీ, ఆ భాష ఒక వంటింట్లో ఇంకా పలుకుతోందని ఆ అరుగు మీద కూర్చుంటే గానీ తెలియలేదు.

పెద్దాయన ముందు గదిలోనే పని చేస్తారు. చెక్క మీద గుడ్డ అంటించి, సుద్దపొడి, జిగురు కలిపిన ముద్దను సన్నని కుంచెతో పొర మీద పొరగా పెడుతూ నగలూ మండపాలూ ఉబ్బెత్తుగా తీరుస్తారు. దాని మీద రాళ్లు పొదిగి, బంగారు రేకు పరిచి వేలితో అదిమి, ఆ తర్వాతే రంగులు వేస్తారు. కళ్లు అన్నిటికన్నా చివర. ఆయన గీస్తున్న లక్ష్మీదేవి కంఠహారంలో ఒక ముత్యం మరో ముత్యంలా లేదు. ఫోనులో నా కృష్ణుణ్ణి చూపించాను. ఆయన వెంటనే ఏమీ అనలేదు. పటం తెమ్మన్నారు. అమ్మాయి లాడ్జీకి పరుగెత్తి తెచ్చింది. ఆయన కిటికీ దగ్గర పట్టుకుని, ముత్యాలన్నీ ఒకే కొలతలో ఉండడం చూపించారు: అవి కుంచెతో పెట్టినవి కావు, అచ్చులో పోసి అంటించినవి. తర్వాత తన దగ్గరి రేకు ముక్క ఒకటి పక్కన పెట్టారు. ఆయనది నెమ్మదైన పసుపు. నాది వెలుతురు పడితే తెల్లగా తళుక్కుమనే రంగు రేకు, ఐదారేళ్లలో నల్లబడుతుందట. అదే కొలత పటం అసలు రేకుతో తాను వేస్తే 9,000 తీసుకుంటాననీ, నెల పడుతుందనీ చెప్పారు. మనుషుల్ని దింపినందుకు ఆటోవాళ్లకు దుకాణాల నుంచి ముట్టేదెంతో కూడా చెప్పారు. అది విన్నాక బాధ రెట్టింపైంది. దుకాణానికి తిరిగి వెళ్తే, అమ్మిన సరుకు వెనక్కి తీసుకోం అన్నారు, అంతే.

వీణ సంగతి చెప్పినప్పుడు ఆయన కాగితం మీద దారి గీసి ఇచ్చి, "ఆటో వద్దమ్మా, నడిచి పొండి" అన్నారు. మూడో రోజు పదింటికి వెళ్లాం. పన్రుటి వైపు నుంచి వచ్చిన పనస దుంగలు వాకిట్లో ఎండుతున్నాయి. కోసిన చోట చెక్క పసుపు కొమ్ములా ఉంది. ఒకాయన వీణ కుండ లోపల ఉలితో తొలుస్తూ, మధ్య మధ్య వేలి కణుపుతో తట్టి వింటున్నారు. గోడ మందం ఎంత మిగిలిందో ఆ చప్పుడు చెబుతుందట. లోపలి గదిలో ఆయన అన్నగారు మేళం కడుతున్నారు, అంటే మెట్లు అమరుస్తున్నారు. తేనెమైనం, బొగ్గుపొడి కలిపిన నల్లని ముద్దను వీణ దండి మీద రెండు వరుసలుగా పేర్చి, దాని మీద 24 మెట్లు ఒక్కొక్కటే నిలబెడతారు. కొలబద్ద లేదు. తీగ మీటడం, వినడం, మెట్టును వెంట్రుకవాసి జరిపి బొటనవేలితో అదమడం, మళ్లీ మీటడం. ఒక్క మెట్టు దగ్గర పావుగంట కూర్చున్నారు. తర్వాత అమ్మాయిని పిలిచి, "వాయించు తల్లీ" అని తమిళంలో అన్నారు. అది మాయామాళవగౌళ రాగంలో సరళి వరుసలు వాయిస్తుంటే ఆయన వీణను కాకుండా దాని ఎడమచేతి వేళ్లనే చూశారు. అయ్యాక, అది మెట్టు మీద ఎక్కువ బలం పెడుతుంది కనుక మెట్లు కొంచెం తక్కువ ఎత్తులో కడతానన్నారు. ఏడేళ్లలో ఎవరూ చెప్పని మాట అని అమ్మాయి దారంతా చెబుతూనే ఉంది.

వెల 32,000, బయానా 5,000, లారీ పార్సిల్ 1,800. గోడకు వేలాడుతున్న తయారైన వీణ ఇమ్మంటే ఇవ్వలేదు. చెక్క ఇంకా ఆరాలన్నారు. నేను బేరమాడలేదు. ఇలాంటి ఇళ్లలో మీరూ ఆడవద్దు. ఒంటిగంట నుంచి నాలుగు దాకా తలుపు తట్టవద్దు, అడగకుండా ఫొటో తీయవద్దు.

సరస్వతీ మహల్ గ్రంథాలయంలో సందర్శకులకు తెరిచిన గది చిన్నదే అయినా అక్కడి తాళపత్రాల కోసం వెళ్లవలసిందే. చివరి రోజు తిరువయ్యారులో, కావేరి ఒడ్డున స్వామి సమాధి ముందు అత్తగారు మోకాళ్ల సంగతి మరిచిపోయి గంటసేపు కూర్చున్నారు. పెసరపప్పుతో చేసే అశోకా హల్వా ఆవిడకు ఎంత నచ్చిందంటే, నాలుగు రోజులుగా ఇక్కడ పప్పన్నం లేదని పెట్టిన పేచీ అక్కడితో ఆగింది.

వీణ ఏప్రిల్ ఆఖరున వచ్చింది. లారీలో ఎండకు మైనం మెత్తబడి పైస్థాయిలో రెండు మెట్లు కదిలిపోయాయి. ఫోను చేస్తే, మేళం కట్టినాయన ఫోనును వీణ దగ్గర పెట్టి వాయించమన్నారు. మూడు మీటులు విని, ఏ మెట్టు ఎటు జరిగిందో చెప్పి, వేడి గరిటె అంచుతో మైనాన్ని ఎక్కడ తాకించాలో, ఎంత అదమాలో ఒక్కొక్కటే చేయించారు. ముప్పావుగంట పట్టింది. "ఇప్పుడు సరిగ్గా ఉంది, ఈ రాత్రికి ముట్టుకోకండి" అని పెట్టేశారు. రాజుగారి ఇంట్లో అక్కయ్యకు వీణ వచ్చిందని చెప్పడానికి అత్తగారు ఆ వెంటనే ఫోను అందుకున్నారు. 9,000 పంపి రాజుగారి చేత వేయించుకుంటున్న కృష్ణుడికి ఇంకా కళ్లు పెట్టలేదట.