స్కూల్ ఫీజు కట్టే ముందు డైరీ వెనక పేజీలు అడగండి

అడ్మిషన్ల సీజన్ మొదలైంది కాబట్టి ఇది రాస్తున్నాను. ఒకటి నుంచి ఐదో తరగతి లోపు పిల్లల్ని కొత్త స్కూల్లో చేర్చబోతున్నవాళ్లు డబ్బు కట్టకముందే చదవండి. స్కూలు పేరు రాయను. హైదరాబాద్‌లో ఎల్బీ నగర్ వైపు ఉన్న ఒక ప్రైవేట్ స్కూలు అనుకోండి, చాలు. ఇలాంటివి ఇప్పుడు ఏ కాలనీలో చూసినా కనిపిస్తాయి.

మా బాబుని రెండో తరగతిలో చేర్చడానికి ఫిబ్రవరిలో వెళ్లాం. పీఆర్వో మేడమ్ బిల్డింగంతా తిప్పి చూపించారు. ఏసీ క్లాసులు, డ్యాన్స్ రూమ్, స్విమ్మింగ్ పూల్. (ఆ పూల్‌లో తర్వాత ఏడాదంతా చుక్క నీళ్లు చూడలేదు, అది వేరే సంగతి.) స్కూల్ రూల్స్ ఏమైనా ఉంటే ఒకసారి చూపిస్తారా అని మావారు అడిగారు. "అన్నీ డైరీలో ఉంటాయి సార్, జూన్‌లో ఇస్తాం. ఈ వారంలో కడితే అడ్మిషన్ ఫీజులో తగ్గింపు ఉంది" అన్నారు. అడ్మిషన్ ఫీజు, కాషన్ డిపాజిట్, మొదటి టర్మ్ ఫీజు కట్టేశాం.

జూన్‌లో డైరీ వచ్చింది. ముందు సరస్వతీ ప్రార్థన, ప్రతిజ్ఞ, టైమ్ టేబుల్. వెనక చిన్న అక్షరాలతో 'విద్యార్థులు, తల్లిదండ్రులు పాటించవలసిన నియమాలు'. ఆఖరి పేజీ చింపి, తల్లీ తండ్రీ ఇద్దరూ సంతకం పెట్టి మూడు రోజుల్లో తిరిగి ఇవ్వాలి. అదే అండర్‌టేకింగ్. అందులో ఏముందంటే: కట్టిన ఫీజు ఏ కారణం చేతా వెనక్కి ఇవ్వరు. ఏడాది మధ్యలో మానిపిస్తే మిగతా టర్మ్‌ల ఫీజు కూడా కట్టాలి. యూనిఫామ్, షూస్, పుస్తకాలు స్కూల్ చెప్పిన చోటే కొనాలి. క్లాస్ టీచర్‌తో నేరుగా మాట్లాడకూడదు, కోఆర్డినేటర్ అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. స్కూలు గురించి వాట్సాప్ గ్రూపుల్లో గానీ సోషల్ మీడియాలో గానీ రాయకూడదు. పిల్లవాడి 'ప్రవర్తన' గానీ తల్లిదండ్రుల 'ప్రవర్తన' గానీ నచ్చకపోతే టీసీ ఇచ్చి పంపే హక్కు యాజమాన్యానికి ఉంది.

సంతకం పెట్టకపోతే ఐడీ కార్డు ఇవ్వరు, ఐడీ కార్డు లేకపోతే గేటు దగ్గరే ఆపుతారు. అప్పటికి ఫీజు వాళ్ల చేతిలో ఉంది. ఇంకేం చేస్తాం?

స్కూలన్నాక నియమాలు ఉండాల్సిందే, దాంతో నాకు పేచీ లేదు. జ్వరం వచ్చిన పిల్లని పంపొద్దు, బంగారం వేసి పంపొద్దు, సాయంత్రం కార్డు చూపిస్తేనే పిల్లని అప్పగిస్తాం. ఇవన్నీ మంచివే, ఇంకా గట్టిగా ఉండాలంటాను. కానీ ఆ పేజీలన్నీ వెతికినా స్కూలు తన మీద తాను పెట్టుకున్న నియమం ఒక్కటి దొరకలేదు. పిల్లవాడికి దెబ్బ తగిలితే ఎంతసేపట్లో ఫోన్ చేస్తారు, వ్యాన్‌లో ఆయమ్మ ఉంటుందా, టీచర్ మారితే చెప్తారా, ఫిర్యాదు చేస్తే ఎన్నాళ్లలో జవాబిస్తారు? ఒక్క ముక్క లేదు. ఫైన్లు మాత్రం రూపాయలతో సహా ఉన్నాయి.

అసలు ఇబ్బంది ఆ నియమాలు నడిచే తీరులో తెలిసింది. ఎనిమిదిన్నరకి గేటు వేస్తారు. ఒకరోజు వ్యాన్ టైరు పంక్చరై లేటయింది. ఆ వ్యాన్ స్కూల్‌దే, ట్రాన్స్‌పోర్ట్ ఫీజు వాళ్లకే కడుతున్నాం. అయినా అందులో వచ్చిన పిల్లలందరికీ డైరీలో ఎర్ర ఇంకుతో 'లేట్' అని పడింది. మూడు 'లేట్'లైతే ఫైన్. అడిగితే "సిస్టమ్‌లో ఎంటర్ అయిపోయింది మేడమ్" అన్నారు. ఫైన్‌కి రసీదు అడిగితే టర్మ్ ఎండింగ్‌లో కలిపి ఇస్తామన్నారు. ఇవ్వలేదు.

రెండో టర్మ్ ఫీజు కట్టడానికి మాకు కాస్త ఆలస్యమైంది. ఒక మెసేజ్ పెట్టొచ్చు, ఫోన్ చేయొచ్చు. ఆ రెండూ చేయకుండా, ఫీజు కట్టని పిల్లల పేర్లు క్లాసులో చదివి నిలబెట్టారు. పరీక్షకి హాల్ టికెట్ ఇవ్వలేదు. రెండో తరగతి పిల్లలకి హాల్ టికెట్ ఏమిటో నాకిప్పటికీ అర్థం కాదు. వాడు ఇంటికొచ్చి "అమ్మా, మన దగ్గర డబ్బుల్లేవా" అని అడిగాడు.

ఇది మామూలేలే అని సర్దుకుపోయేవాళ్ల కోసం చెప్తున్నాను. 2009 నాటి విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధిస్తుంది. ఫీజు కోసం ఏడేళ్ల పిల్లవాణ్ని క్లాసులో నిలబెట్టడం వేధింపు కాకపోతే మరేమిటి? 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లనీ స్కూలు నుంచి తీసేయకూడదు. ఐదు, ఎనిమిది తరగతుల్లో ఫెయిల్ చేసే వీలు 2019 సవరణతో రాష్ట్రాలకి వచ్చింది గానీ, తీసేయకూడదన్న మాట మారలేదు. అంటే డైరీలో 'టీసీ ఇచ్చి పంపే హక్కు' అని అచ్చేసుకున్నంత మాత్రాన అది హక్కు అయిపోదు. మనం సంతకం పెట్టినా సరే.

చేర్చుకునేటప్పుడు మా వాడికి ఒక చిన్న టెస్టు పెట్టి, మాతో 'ఇంటరాక్షన్' అని కూర్చోబెట్టి చదువులు, ఉద్యోగాలు అడిగారు. 13వ సెక్షన్ కింద అలా వడపోసి సీట్లివ్వడం నేరం. మొదటిసారికి 25 వేలు, ఆ తర్వాత ప్రతిసారికీ 50 వేల దాకా జరిమానా ఉంది. ఇది చాలామందికి తెలియదు, తెలిసినా సీటు పోతుందని నోరెత్తరు.

యూనిఫామ్ సంగతి మరీ విడ్డూరం. సోమవారం నుంచి ఒక రకం, బుధవారం హౌస్ టీషర్ట్, శనివారం తెల్ల డ్రెస్సు. ఆ ఏడాది లోగో రంగు మార్చారు కాబట్టి పక్కింటి అబ్బాయి పాతవి పనికిరాలేదు. 2024లో హైదరాబాద్ డీఈఓ (జిల్లా విద్యాశాఖాధికారి) ఆఫీసు స్కూల్ ఆవరణలో యూనిఫాములు, షూలు, బెల్టులు అమ్మకూడదని ఆదేశమిచ్చింది. పుస్తకాలు అమ్మినా లాభం లేకుండా అమ్మాలంది. మా స్కూలు ఏం చేసిందో తెలుసా? అమ్మకాన్ని గేటు బయట రెండో షాపులోకి మార్చింది. కౌంటర్‌లో కూర్చునే మనిషి కూడా పాతమనిషే.

బ్యాగు బరువు ఒకరోజు ఇంట్లో తూచాం. నాలుగు కిలోలు దాటింది. ఒకటి, రెండు తరగతులకి కిలోన్నర దాటకూడదని, హోంవర్క్ ఇవ్వకూడదని కేంద్ర విద్యాశాఖ 2018లోనే చెప్పింది. మా డైరీలో మాత్రం హోంవర్క్ చేయకపోతే రిమార్కు, మూడు రిమార్కులకి తల్లిదండ్రులు హాజరు.

ఇక మానిపిద్దామని టీసీ అడిగాం. ఏడాది ఫీజంతా కడితేనే 'నో డ్యూస్' (బాకీ లేదన్న కాగితం), అది ఉంటేనే టీసీ అన్నారు. ఇక్కడ ఒక మెలిక ఉంది, జాగ్రత్తగా చదవండి. విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం హెడ్మాస్టర్ టీసీ వెంటనే ఇవ్వాలి, టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఆపకూడదు. కానీ ఆ సెక్షన్ రక్షణ ప్రభుత్వ, ఎయిడెడ్ (సర్కారు డబ్బు సాయం అందే ప్రైవేట్) బడులకి మారే పిల్లలకే సూటిగా వర్తిస్తుంది. ఎయిడ్ లేని ఇంకో ప్రైవేట్ స్కూలుకి వెళ్లేవాళ్లని కొత్త స్కూలు టీసీ తెమ్మనే అంటుంది. పైగా ఇప్పుడు పిల్లల వివరాలు యూడైస్ ప్లస్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డులో, ఒక్కొక్కరికీ ఇచ్చిన పెన్ అనే శాశ్వత నంబర్‌తో ఉంటాయి. పాత స్కూలు ఆన్‌లైన్‌లో విడుదల చేయకపోతే కొత్తచోట తలనొప్పే. ఈ పట్టు తమ చేతిలో ఉందని స్కూళ్లకి బాగా తెలుసు.

కన్స్యూమర్ ఫోరంకి వెళ్లమని చాలామంది సలహా ఇచ్చారు. చదువు చెప్పడం వినియోగదారుల చట్టం కింద సేవ కాదని 2010లో మహర్షి దయానంద్ యూనివర్సిటీ కేసులో సుప్రీంకోర్టు అంది. కాబట్టి అక్కడ మన కేసు గుమ్మంలోనే ఆగిపోవచ్చు. డబ్బు కట్టి కొంటున్నాం, కొనుగోలుదారుడి హక్కులు మాత్రం మనకి లేవు. ఫీజుల దగ్గరకొస్తే తల్లిదండ్రుల సంఘాలు ఇప్పటికీ 1994 నాటి జీవో నంబర్ 1 చూపిస్తాయి. వసూలైన ఫీజులో యాజమాన్యం లాభం 5 శాతమే అని అందులో ఉంది. కాగితం మీద. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవాళ్లకి 2019 చట్టంతో వచ్చిన పాఠశాల విద్యా నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్ ఉంది, అక్కడ ఫిర్యాదు చేయొచ్చు.

మాకు పనిచేసింది ఏమిటంటే రాతపూర్వకంగా వెళ్లడం. టీసీ అడుగుతూ ప్రిన్సిపల్‌కి లెటర్ ఇచ్చి, డూప్లికేట్ కాపీ మీద స్కూల్ స్టాంపు వేయించుకున్నాం. స్టాంపు వెయ్యం అని మొండికేస్తే స్పీడ్ పోస్టులో పంపండి. తర్వాత ఎంఈఓకి (మండల విద్యాశాఖాధికారికి) ఫిర్యాదు, డీఈఓకి కాపీ, సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో ఇంకో కాపీ. దానికి డైరీలోని నియమాల పేజీ, ఫీజు మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు జతచేశాం. ఎంఈఓ ఆఫీసు నుంచి స్కూలుకి ఫోన్ వెళ్లాక గొంతు మారిపోయింది. మిగతా టర్మ్ ఫీజు ఊసెత్తకుండా టీసీ చేతిలో పెట్టారు. నోటిమాటగా తిరిగినన్నాళ్లూ కరస్పాండెంట్ గారు మీటింగ్‌లోనే ఉన్నారు మరి.

కాబట్టి ఈసారి వెళ్లినప్పుడు పూల్ చూడకండి, పోయినేటి డైరీ అడగండి. కొత్తది జూన్‌లోనే వస్తుంది నిజమే, పాతది ఆఫీసులో ఉంటుంది. ఇవ్వం అంటే సాయంత్రం గేటు దగ్గర నిలబడి ఏ తల్లినైనా అడగండి, వెనక పేజీలు ఫోన్‌లో ఫోటో తీసుకోనిస్తారు. ఫీజు ఎప్పుడు, ఎంత వెనక్కి ఇస్తారో మెయిల్‌లో రాసి పంపమనండి. ఏ తరగతి వరకు ప్రభుత్వ గుర్తింపు ఉందో సర్టిఫికెట్ చూపించమనండి, పదకొండు అంకెల యూడైస్ కోడ్ అడిగి రాసుకోండి. ఒక బ్రాంచి గుర్తింపు మీద ఇంకో బ్రాంచి నడిపేవాళ్లున్నారు. 'సీబీఎస్‌ఈ ప్యాటర్న్' అని బోర్డు ఉంటే ఆగండి. ప్యాటర్న్ వేరు, అఫిలియేషన్ (బోర్డు ఇచ్చే గుర్తింపు) వేరు, అఫిలియేషన్ ఉన్న స్కూళ్ల జాబితా సీబీఎస్‌ఈ వెబ్‌సైట్‌లోనే చూసుకోవచ్చు. తగ్గింపు ఈ వారమే అని తొందరపెడితే తగ్గింపు వదులుకోండి. వచ్చే వారం కూడా ఉంటుంది, నేను కనుక్కున్నాను.

కాషన్ డిపాజిట్ గురించి అడిగేవాళ్లకి: మాకింకా రాలేదు. రసీదు మీద 'రిఫండబుల్' అనే ఉంది. అకౌంట్స్ సెక్షన్‌లో చూస్తున్నారట.