లొరెంజెన్ వాదమా, జైల్స్ పందెమా: ఏ తర్కానికి ఏ ఆట మేలు?

క్లాసికల్ కాని తర్కాలకు (ప్రతి వాక్యమూ నిజమో అబద్ధమో అయి తీరుతుందనే మామూలు తర్కాన్ని ఒప్పుకోనివాటికి) ఆటతో అర్థం చెప్పేవాళ్లు ముందు తేల్చుకోవలసింది ఒకటుంది. సూత్రం చెల్లుతుందా (అందులోని వాక్యాలు ఏవైనా నిలుస్తుందా) లేదా అన్నదే కావాలా, ఎంత మేర నిజమో కావాలా? మొదటిదైతే పాల్ లొరెంజెన్ 1958లో మొదలుపెట్టగా కూనో లొరెంజ్ పెంచిన వాదప్రతివాదాల ఆట. రెండోదైతే రాబిన్ జైల్స్ 1974లో వుకషేవిచ్ తర్కానికి (వాక్యానికి 0 నుంచి 1 దాకా విలువ ఇచ్చేదానికి) కట్టిన పందెం.

లొరెంజెన్ ఆటలో వాది సూత్రం చెబుతాడు, ప్రతివాది ఖండిస్తాడు. ప్రతివాదికి సొంత సిద్ధాంతం ఉండదు. మన న్యాయశాస్త్రంలోని వితండకు దగ్గరి చుట్టమన్నమాట. నిరూపణ ఉంటేనే నిజమనే ఇంట్యూషనిస్టిక్ తర్కం రావాలంటే వాదికి కట్టుబాట్లు పెట్టాలి: విడి వాక్యాన్ని (ఇంకా విడగొట్టలేనిదాన్ని) ప్రతివాది అన్నాకే తాను అనాలి, జవాబు పడని ఖండనల్లో చివరిదానికే జవాబివ్వాలి, ఒక ఖండనకు జవాబు ఒక్కసారే. వాది మాటను ప్రతివాది ఒక్కసారే ఖండించవచ్చు. వాదికి ఆ హద్దు లేదు.

"క ∨ ¬క" (క లేదా క కాదు) ఆడి చూడండి. రెండింటిలో ఏదని ప్రతివాది అడుగుతాడు. క అనడానికి వీల్లేదు కాబట్టి వాది ¬క అంటాడు. ప్రతివాది క అని దాన్ని ఖండిస్తాడు. ఇప్పుడు క అనవచ్చు, కానీ మొదటి ప్రశ్నకు జవాబు ఖర్చయిపోయింది. వాది ఓడాడు. జవాబుల మీది రెండు కట్టుబాట్లూ సడలిస్తే గెలుస్తాడు, అదే క్లాసికల్ తర్కం.

"¬¬(క ∨ ¬క)"ను ప్రతివాది "¬(క ∨ ¬క)" అని ఖండిస్తాడు, దాన్ని వాది "క ∨ ¬క" అని ఖండిస్తాడు, ఆట పైలాగే సాగుతుంది. ఇక్కడ మాత్రం, ప్రతివాది క అనగానే, వాది వెనక్కి వెళ్లి అతని "¬(క ∨ ¬క)"ను రెండోసారి ఖండిస్తాడు. మళ్లీ ఏదని అడిగితే ఈసారి క అంటాడు, గెలుస్తాడు. చాలామంది తప్పేది ఇక్కడే: వాదికీ ఒక్క ఖండనే అని రాసుకుంటే ఈ చెల్లే సూత్రం కూడా ఓడిపోతుంది.

జైల్స్ ఆటలో విడి వాక్యం తప్పయితే అన్నవాడు 1 రూపాయి కట్టాలి. క తప్పే అవకాశం 0.3, గ తప్పేది 0.5 అనుకుందాం. మీరు "క → గ" (క అయితే గ) అన్నారు. ఎదుటివాడు నిలదీయాలంటే తాను క అనాలి, అప్పుడు మీరు గ అనాలి. మీ సగటు నష్టం 0.5 − 0.3 = 0.2, కాబట్టి విలువ 0.8. "గ → క" అన్నారా, నిలదీస్తే నష్టం వాడికే, ఊరుకుంటాడు, విలువ 1. ఊరుకునే ఈ హక్కును నియమాల్లో మరిచిపోతే విలువ 1.2 అని తేలుతుంది! ఇంకో సంగతి, క రెండుసార్లు అంటే నష్టం 0.6. అందుకే అన్న మాటలను సెట్‌గా కాదు, మల్టీసెట్‌గా రాసుకోవాలి, అంటే ఒకే మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్క ఉండాలి.

నా ఓటు: నిరూపణలు నేర్పడానికి లొరెంజెన్, ఫజీ విలువలకు (0కీ 1కీ మధ్యవాటికి) జైల్స్. హింటిక్కా అనే తార్కికుడి ఆట, ముందే ఇచ్చిన ఒక నమూనాలో వాక్యం నిజమా కాదా చూస్తుంది తప్ప చెల్లుబాటును కాదు. ఊరికే "క ∨ ¬క" ఇంట్యూషనిస్టిక్‌గా చెల్లదని చూపడానికైతే ఏ ఆటా అక్కర్లేదు. క్రిప్కే నమూనాలో (తెలిసింది దశలవారీగా పెరిగే చిత్రంలో) ఒకదాని పైన ఒకటిగా రెండు దశలు గీసి, పైదాంట్లో మాత్రమే క పెడితే కిందిదాంట్లో క లేదు, పైన క వస్తుంది కాబట్టి ¬క కూడా లేదు.