వర్క్‌గ్రూపా, డొమైనా?

ఆఫీసులో ఐదారు విండోస్ కంప్యూటర్లే ఉంటే వర్క్‌గ్రూప్, అంటే ఏ కంప్యూటర్‌ను ఆ కంప్యూటర్‌లోనే చూసుకునే ఏర్పాటు, చాలు. సర్వర్ ఖర్చు లేదు, ఏ మెషీన్ లాగిన్ అకౌంట్లు ఆ మెషీన్‌లోనే ఉంటాయి. చిక్కల్లా ఎవరైనా ఉద్యోగం మానేసినప్పుడే. వాళ్ల పేరు ఎన్నిచోట్ల ఉందో వెతుక్కుంటూ సీటు సీటుకీ తిరగాలి. మా పాత ఆఫీసులో ఒక అకౌంట్, మనిషి వెళ్లిపోయిన ఏడాదికి కూడా బతికే ఉంది. పాస్‌వర్డ్ అందరికీ తెలిసిందే!

డొమైన్‌లో, అంటే అన్ని కంప్యూటర్లనూ సర్వర్ నుంచి చూసుకునే ఏర్పాటులో, ఆ తిరుగుడు ఉండదు. అందరి అకౌంట్లూ ఒక్కచోట ఉంచే జాబితా యాక్టివ్ డైరెక్టరీ, విండోస్ 2000 సర్వర్‌తో వచ్చింది. అందులో అకౌంట్‌ను ఒక్కచోట ఆపితే, ఆఫీసు నెట్‌వర్క్‌లో ఏ సీటు నుంచీ కొత్తగా లాగిన్ కాలేరు. కాకపోతే విండోస్ హోమ్ ఎడిషన్ డొమైన్‌లో చేరదు, కనీసం ప్రో కావాలి. లాగిన్‌లను సరిచూసే సర్వర్, అంటే డొమైన్ కంట్రోలర్, ఒక్కటే ఉండి అది మొరాయిస్తే అందరికీ టెన్షనే, రెండు పెట్టుకోవాలి. పదిహేను సీట్లు దాటితే ఈ ఖర్చు తప్పదని నా లెక్క.

అప్‌డేట్ల దగ్గర తేడా ఇంకా ఎక్కువ. మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం ప్యాచ్‌లు, అంటే లోపాలను సరిచేసే అప్‌డేట్లు, వదులుతుంది. వర్క్‌గ్రూప్‌లో మామూలుగా ఏ కంప్యూటర్‌కు ఆ కంప్యూటరే దించుకుంటుంది. ఎవరో ఒకరు వాయిదా వేస్తూనే ఉంటారు. డొమైన్‌లో గ్రూప్ పాలసీతో (అన్ని మెషీన్ల సెట్టింగులూ ఒక్కచోట నుంచి మార్చే పద్ధతి) అన్నింటినీ డబ్ల్యూఎస్‌యూఎస్ (ఆఫీసులోనే అప్‌డేట్లు పంచే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్) సర్వర్‌కు కలిపితే ఒకసారి దించి, రెండు మెషీన్లలో పరీక్షించి, మిగతావాటికి పంపొచ్చు. ఎవరికి అందలేదో కూడా కనిపిస్తుంది. 2017 మేలో వానాక్రై, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్, వాడుకున్న లోపానికి మార్చిలోనే ప్యాచ్ వచ్చింది, వేసుకోని మెషీన్లు దెబ్బతిన్నాయి.

డబ్ల్యూఎస్‌యూఎస్‌కు ఇక కొత్త ఫీచర్లు రావని 2024 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ చెప్పేసింది. ఇప్పుడే కొత్తగా మొదలుపెట్టేవాళ్లు క్లౌడ్‌లో నడిచే, కంప్యూటర్లనూ అప్‌డేట్లనూ చూసుకునే మైక్రోసాఫ్ట్ సేవ ఇన్‌ట్యూన్‌ను కూడా చూడటం మంచిది.