మార్బుల్ కట్టర్ వద్దంటే షాపాయన నవ్వాడు

వంటింట్లో సింకు కింద రెండు కబోర్డులు నేనే చేద్దామని మిషన్ల కోసం బెంగళూరు ఎస్పీ రోడ్డుకి వెళ్లాను. మొదటి షాపాయన తీసి చూపించింది మార్బుల్ కట్టర్! "కార్పెంటర్లంతా దీంతోనే కోస్తారు సార్" అన్నాడు. అబద్ధమేం కాదు. కానీ అది రాయి కోసే మిషన్, నిమిషానికి 12,000 చుట్లు పైనే తిరుగుతుంది. దానికి చెక్క బ్లేడు బిగిస్తే కింద వైపు పళ్లకి కవరేమీ ఉండదు. వాళ్ల చేతులకి అది అలవాటు. నా చేతులకి అలవాటైంది కీబోర్డు.

పక్క షాపులో 7 అంగుళాల సర్క్యులర్ సా, అంటే గుండ్రటి బ్లేడున్న కరెంటు రంపం తీసుకున్నాను. కోత అయ్యాక కింది గార్డు దానంతటదే మూసుకుంటుంది, నాకు అది చాలు. దాంతోపాటు వచ్చిన 24 పళ్ల బ్లేడుతో మొదటి కోతకే సన్‌మైకా పెచ్చులు లేచిపోయింది. ఈ రంపం పళ్లు కింది నుంచి పైకి కోస్తాయి, అందుకే పై ముఖం పాడవుతుంది. ఇప్పుడు మంచి ముఖం కిందికి పెట్టి, 60 పళ్ల బ్లేడుతో కోస్తున్నాను. గీత వంకర పోకుండా ఒక అల్యూమినియం పట్టీ, దాన్ని చెక్కకి బిగించడానికి రెండు సీ క్లాంపులు. ఈ పట్టీ లేకపోతే ఎంత మంచి రంపమైనా దండగే.

ప్లైవుడ్ టింబర్ యార్డ్ లేఔట్‌లో కొన్నాను. సింకు దగ్గర తడి కాబట్టి నీళ్లకి తట్టుకునే మెరైన్ ప్లైకి వేసే ఐఎస్ 710 ముద్ర చూసి మరీ. 8 అడుగుల షీటు మా లిఫ్టులో పట్టదని షాపులోనే అడ్డంగా సగానికి కోయించాను.

గోడకి రంధ్రాలు వేసే పాత ఇంపాక్ట్ డ్రిల్లు ఇంట్లో ఉంది కదా అనుకున్నాను. దానికి స్క్రూ బిగియగానే తిప్పడం ఆపే క్లచ్ లేదు, స్క్రూ ఆగకుండా దిగి తల ప్లైలోకి కూరుకుపోయింది. బాష్ 12 వోల్టుల కార్డ్‌లెస్ డ్రిల్లు కొన్నాక ఆ బాధ తప్పింది. దాని క్లచ్ రింగుని చిన్న నంబరుకి తిప్పి పెడితే స్క్రూ బిగిసిన చోట టకటకమని ఆగుతుంది. అయితే తలుపు హింజ్ (బందు) కోసం 35 ఎంఎం గుంత తీసేటప్పుడు ఎంత లోతుకి ఆపాలో బిట్‌కి టేపు గుర్తు పెట్టుకోవడం మరిచాను. 18 ఎంఎం తలుపుకి అవతలి వైపు వెలుగు కనిపించింది. తప్పు నాదే, డ్రిల్లుది కాదు.

వంపులు కోసే జిగ్‌సా కొని తప్పు చేశాను, డబ్బాలోనే ఉంది.

రెండో కబోర్డు ఇంకా మొదలుపెట్టలేదు. బాల్కనీలో కోస్తే రంపపు పొట్టు అంతా కింది ఇంటి ఆంటీ బట్టల మీద పడింది. ఆవిడ బట్టలు ఆరేసేది శనివారాలట. ఇక ఆదివారాలు నావి.