సిక్కోలు యాత్ర: వంశధార వెంట రెండు రోజులు, గుళ్ళూ స్తూపాలూ

శ్రీకాకుళం టూరు అడిగితే ట్రావెల్స్ వాళ్ళు ఇచ్చే కాగితం దాదాపు ఒకేలా ఉంటుంది. పొద్దున్న అరసవల్లి సూర్యదేవాలయం, ఆ వెంటనే శ్రీకూర్మంలో కూర్మనాథుడి గుడి, మిట్టమధ్యాహ్నం శాలిహుండం బౌద్ధ స్తూపాలు, అక్కణ్ణుంచి పరుగున శ్రీముఖలింగం శివాలయాలు, రాత్రికి విశాఖ. ఒక్క రోజులో నాలుగూ చూసినట్టే లెక్క. కానీ శాలిహుండం కొండ మీద ఆ ఎండలో పావుగంట కూడా నిలవలేరు, శ్రీముఖలింగం చేరేసరికి శిల్పాల మీద వెలుగుండదు. ఈ నాలుగింటిలో తీరిగ్గా చూడాల్సినవి సరిగ్గా ఆ రెండే. అందుకే ఒక రాత్రి శ్రీకాకుళంలో ఉండేలా రెండు రోజులు పెట్టుకోండి. చూసేవి పెంచడం కన్నా చూసే వేళ మార్చడం వల్లే ఈ యాత్ర బాగుపడుతుంది.

రైల్లో వచ్చేవాళ్ళు ముందు ఒకటి గుర్తుంచుకోవాలి. 'శ్రీకాకుళం రోడ్' స్టేషను ఉన్నది ఆమదాలవలసలో. అక్కణ్ణుంచి టౌనుకి సుమారు 13 కిలోమీటర్లు. పగలైతే బస్సులు, షేర్ ఆటోలు దొరుకుతాయి. అర్ధరాత్రి దిగే రైలైతే బండి ముందే మాట్లాడుకోవాలి. విశాఖ నుంచి జాతీయ రహదారి మీద వంద కిలోమీటర్లు దాటుతుంది, ఆర్టీసీ బస్సులకు కొదవ లేదు. బస మటుకు టౌనులోనే మేలు. ఆర్టీసీ కాంప్లెక్సు, డే అండ్ నైట్ జంక్షను చుట్టుపక్కల లాడ్జీలూ ఏసీ హోటళ్ళూ ఉన్నాయి, తెల్లవారకముందే టిఫినూ దొరుకుతుంది. రోడ్డు వైపు గది తీసుకోకండి, బస్సుల హారన్లకి నిద్ర పట్టదు. దేవస్థానం గదులు చౌకే గానీ ఆదివారాలు, పర్వదినాల్లో వాటి మీద ఆశ పెట్టుకుని బయల్దేరకూడదు. రథసప్తమి వారంలో అయితే టౌనులో కూడా ముందుగా బుక్ చేసుకోనిదే గది దొరకదు.

అరసవల్లి టౌనుని ఆనుకునే ఉంది, ఆటో చాలు. పొద్దున్న ఆరు, ఆరున్నరకల్లా క్యూలో ఉంటే మామూలు రోజుల్లో దర్శనం తొందరగా అవుతుంది. ఆదివారం సూర్యుడి రోజు కాబట్టి ఇదే దర్శనానికి గంటలు పట్టొచ్చు. మాఘమాసం ఆదివారాలైతే చెప్పనక్కరలేదు, పిడకల పొయ్యి మీద క్షీరాన్నం వండి నివేదించే కుటుంబాలతో ఆ చుట్టుపక్కలంతా పొగా పాల వాసనా నిండిపోతాయి. అది చూడ్డానికే వచ్చేవాళ్ళూ ఉన్నారు, తప్పకుండా రావచ్చు. కానీ ఆ రోజు మిగతా యాత్ర సాగదు.

సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకే రోజులు ఏడాదిలో రెండుసార్లు వస్తాయి, మార్చి 9 నుంచి 11 వరకు, అక్టోబరు మొదటి రెండు మూడు రోజులు. సూర్యోదయం తర్వాత కొన్ని నిమిషాలే ఆ వెలుగు లోపలికొస్తుంది. మబ్బు పడితే అదీ ఉండదు. పైగా ఆ క్షణానికి సరైన చోట నిలబడ్డవాళ్ళకే కనబడుతుంది, క్యూలో వెనకున్నవాళ్ళకి జనం అరుపులు తప్ప ఏమీ అందదు. మొదటిసారి వచ్చేవాళ్ళు ఈ తేదీల కోసం టూరు మార్చుకోవద్దనే మా సలహా. నల్లరాతి మూలవిరాట్టుని, ఉషా పద్మినీ ఛాయా సమేతుడైన స్వామిని ప్రశాంతంగా చూడాలంటే మంగళవారమో బుధవారమో పొద్దున్నే రండి. గుడిని 7వ శతాబ్దిలో తూర్పు గాంగ రాజు దేవేంద్రవర్మ కట్టించాడని చెబుతారు.

అరసవల్లి నుంచి శ్రీకూర్మానికి అరగంట ప్రయాణం. ఎనిమిదిన్నర, తొమ్మిదికల్లా చేరాలి. ఆలస్యమైతే ప్రదక్షిణ దారిలో రాళ్ళు కాలిపోతాయి, పెద్దవాళ్ళు సగంలోనే నీడకి వెళ్ళిపోతారు. ఇక్కడ స్వామి తాబేలు రూపంలో, పడమటి ముఖంగా ఉంటాడు. అందుకే గుడికి తూర్పున ఒకటి, పడమట ఒకటి రెండు ధ్వజస్తంభాలు. దర్శనం అయ్యాక చాలామంది ప్రసాదం తీసుకుని వచ్చేస్తారు. అసలు సంగతి చుట్టు మండపంలో ఉంది. వరసగా ఉన్న 108 రాతి స్తంభాల్లో చెక్కడం ఏ రెంటికీ ఒకేలా ఉండదు. వాటి మీద శాసనాలు చెక్కి ఉంటాయి. మొబైల్ లైటు ఎదురుగా కాకుండా పక్కనుంచి ఏటవాలుగా వేస్తే అక్షరాల గాట్లలో నీడ పడి తెలుగు అక్షరాలు కొన్నయినా పోల్చుకోవచ్చు. 1281 నాటి నరహరి తీర్థుల శాసనం ఈ గుడిలోదే. మధ్వ సంప్రదాయానికి చెందిన ఆ సన్యాసి గాంగ రాజుల తరఫున కళింగలో పాలన కూడా చూశాడు. గోడల మీది రంగుల చిత్రాలు వెలిసిపోతున్నాయి, చేయి పెట్టకండి, ఫ్లాష్ వెయ్యకండి.

ఆవరణలో నక్షత్ర తాబేళ్ళను పెంచుతున్నారు. పిల్లలు చేతిలో ఉన్నదల్లా లోపలికి వేస్తారు. బిస్కెట్లు, ప్రసాదం వాటికి పడవు, వాటి ఆకు మేత చూసేది అక్కడి సిబ్బందే. శ్వేత పుష్కరిణి దగ్గర పితృకార్యం చేయించాలనుకునేవాళ్ళు ముందురోజే ఫోన్లో మాట్లాడుకుని పన్నెండు లోపల ముగించుకోవాలి. సామాగ్రితో కలిపి ఎంతో మొత్తం ముందే తేల్చుకోండి, దేవస్థానం రుసుముకి రసీదు అడిగి తీసుకోండి. మధ్యలో పెరిగే ఖర్చు గురించి యాత్రికుల ఫిర్యాదులన్నీ ఈ రెండూ చెయ్యనివాళ్ళవే.

మధ్యాహ్నం గుళ్ళు మూస్తారు. ఆ వేళ శాలిహుండం ఎక్కించే డ్రైవరు మాట వినకండి. టౌనుకి వెనక్కొచ్చి భోజనం చేసి, రెండు గంటలు నడుం వాల్చి, మూడింటికి మళ్ళీ కదలండి.

శాలిహుండం టౌను నుంచి సుమారు 18 కిలోమీటర్లు, గార మండలంలో వంశధార కుడిగట్టున కొండ మీద ఉంది. ఈ స్తూపాల సంగతి 1919లో బయటపెట్టింది గిడుగు రామమూర్తి పంతులు. వాడుక భాష కోసం పోరాడిన ఆయనే. క్రీస్తు పూర్వం 2వ శతాబ్ది నుంచి క్రీస్తు శకం 12వ శతాబ్ది దాకా ఇక్కడ బౌద్ధం నిలిచింది. బౌద్ధ శాఖలైన థేరవాదం, మహాయానం, వజ్రయానం మూడింటి ఆనవాళ్ళూ ఒకే కొండ మీద దొరికాయి. నాలుగు స్తూపాలు, ధాతు కరండాలు (అస్థికలు దాచే భరిణెలు), విహారాల పునాదులు తవ్వకాల్లో బయటపడ్డాయి. ముందు మ్యూజియం చూడండి, అయిదు దాటితే తెరిచి ఉంటుందని అనుకోవద్దు. సెలవు రోజు కూడా కనుక్కుని వెళ్ళాలి. బౌద్ధ దేవతలు తారాదేవి, మారీచి శిల్పాలు చూసి ఎక్కితే కొండ మీద ఏ కాలపు కట్టడం దగ్గర నిలబడ్డారో మనసుకి అందుతుంది. చూడకుండా ఎక్కితే ఇటుకల దిబ్బలే కనిపిస్తాయి.

పైన ఇటుక స్తూపం దగ్గర ఆగి పునాదిని గమనించండి. బయట వలయం, మధ్యలో చక్రపు కుండ లాంటి గుండ్రటి భాగం, ఆ రెంటినీ కలుపుతూ చక్రపు ఆకుల్లా గోడలు, అచ్చం బండి చక్రం. ఆకుల మధ్య ఖాళీల్లో మట్టి నింపి పైన అండాన్ని, అంటే స్తూపం గుమ్మటాన్ని, లేపేవారు. దీనివల్ల ఇటుక ఖర్చు తగ్గుతుంది, లోపలి మట్టి బరువు బయటి గోడని తోసెయ్యకుండా ఆకుల గోడలు పట్టి ఉంచుతాయి. ధర్మచక్రం గుర్తూ అదే. ఇంత చెప్పే గైడు ఉంటే గంటన్నర ఇట్టే గడిచిపోతుంది. స్తూపాల మీదికి ఎక్కి ఫొటోలు దిగడం మాత్రం వద్దు, అంచుల్లో ఇటుకలు ఊడేది అందువల్లే. అక్కణ్ణుంచి తూర్పుకి చూస్తే వంశధార సముద్రం వైపు సాగడం కనిపిస్తుంది. రేవు దగ్గర, నది పక్కన, ఊరికి కాస్త ఎడంగా ఉన్న కొండ. భిక్షువులు ఈ చోటు ఎందుకు ఎంచుకున్నారో వేరే చెప్పక్కర్లేదు. కళింగ రేవుల నుంచి వర్తకుల ఓడలతో పాటు బౌద్ధమూ సుమత్రా వైపు వెళ్ళింది.

కొండ మీద కొట్టు లేదు, నీడ తక్కువ. మనిషికి లీటరు నీళ్ళు, గట్టి అడుగున్న చెప్పులు కావాలి. టాయిలెట్ పని టౌనులోనే చూసుకుని రండి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళని మ్యూజియం దగ్గరే ఉంచితే వాళ్ళకీ సుఖం, మీకూ తొందర ఉండదు. పొద్దు వాలే వేళకి కళింగపట్నం తీరానికి వెళ్ళొచ్చు, లైట్‌హౌసు ఉంది, గాలి బాగుంటుంది. నది సముద్రంలో కలిసే మొగ దగ్గర నీళ్ళలోకి దిగకండి, లోపలి ఒరవడి పైకి తెలీదు.

రెండో రోజు పూర్తిగా శ్రీముఖలింగానిది. మడపాం దగ్గర వంశధార దాటి నరసన్నపేట మీదుగా వెళ్ళాలి, టౌను నుంచి 46 కిలోమీటర్ల పైమాటే. బస్సులున్నా తిరుగు బస్సు వేళ కండక్టరుని అడిగి దిగాలి. ఏడింటికి బయల్దేరితే తూర్పు ఎండ ఏటవాలుగా పడే వేళకి శిల్పాల ముందుంటారు. ఊళ్ళోకి వెళ్ళే దారిలోనే సోమేశ్వరాలయం వస్తుంది. ముందు మండపం లేకుండా నిటారుగా లేచిన ఒంటి శిఖరం. డ్రైవర్లు తిరుగుదారిలో చూపిస్తామంటారు, అప్పటికి ఎండ నడినెత్తికొచ్చి శిల్పాలు చప్పబడిపోతాయి. ముందే ఆపించండి.

ఊళ్ళోని ప్రధాన శివాలయమైన మధుకేశ్వరాలయంలో పొద్దుటి అభిషేకం వేళ లింగంలో ముఖాన్ని బాగా పోల్చుకోవచ్చు, అలంకారం అయ్యాక కష్టం. స్వామి వెనక ఉన్న పెద్ద మట్టి గోలెం చూడటం మరిచిపోకండి. కుమ్మరి మొక్కుబడిగా సమర్పించిందని స్థలపురాణం. ఆ తర్వాత ప్రాకారంలో నెమ్మదిగా తిరగండి. ద్వారబంధాల మీద అల్లుకున్న తీగల చెక్కడం ఒక్కటే పావుగంట నిలబెడుతుంది. ఈ శిఖరాల పోలికలు భువనేశ్వర్‌లో కనబడతాయి. తూర్పు గాంగుల కళింగనగరం ఇదే. 1078లో పట్టం కట్టుకున్న అనంతవర్మ చోడగంగ దేవుడు తర్వాత రాజధానిని కటకానికి (ఇప్పటి కటక్) మార్చాడు, పూరీ జగన్నాథాలయానికి పూనుకున్నదీ ఆయనే. భీమేశ్వరాలయం చిన్నది, పది నిమిషాలు చాలు. ఊళ్ళో పెద్ద హోటళ్ళు లేవు, భోజనం నరసన్నపేటలో చూసుకోండి. శివరాత్రికి చక్రతీర్థ స్నానానికి వచ్చే జనంతో కార్లు చాలా ముందే ఆపేస్తారు. ఆ రోజులు భక్తికి సరే గానీ శిల్పాలు చూడటానికి కావు.

దంతపురిని కూడా ఇదే రోజు కలిపేస్తామనేవాళ్ళున్నారు. బుద్ధుడి దంతం ఉంచిన దంతపురం ఇదేనని నమ్మిక, సరుబుజ్జిలి మండలంలో ఉంది. మ్యాపులో శ్రీముఖలింగం పక్కనే అనిపిస్తుంది, కానీ అది నదికి అవతల గట్టు, వంతెన దాకా తిరిగి రావాలి. పైగా కనబడేది మట్టికోట గోడల దిబ్బలే. చరిత్ర మీద ప్రేమ ఉన్నవాళ్ళు ఆమదాలవలస వైపు నుంచి విడిగా వెళ్ళడం మంచిది.

బండి మాట్లాడేటప్పుడు రోజు అద్దె ఒక్కటే అడగకండి. అందులో ఎన్ని కిలోమీటర్లు, దాటితే కిలోమీటరుకి ఎంత, డ్రైవరు భత్యం (బేటా), టోలు, పార్కింగు ఎవరివి, రాత్రి ఎన్నింటి తర్వాత అదనం, ఇవన్నీ వాట్సాప్‌లో రాయించుకోండి. మొదటి రోజుకి ఆటో కూడా సరిపోతుంది, రెండో రోజుకి కారే నయం. గైడుని కుదుర్చుకునే ముందు శాలిహుండానికి ఎంతసేపు కేటాయిస్తాడో అడగండి. అరగంట అంటే అతను మీకు పనికిరాడు.

మూడో రోజు చేతిలో ఉంటే విజయనగరం మీదుగా తిరిగి వెళ్తూ రామతీర్థం చూడొచ్చు, విజయనగరానికి 12 కిలోమీటర్ల పైన, నెల్లిమర్ల మండలంలో. కింద రాముడి గుడి, పక్క కొండ మీద కోదండరాముడు, గురుభక్తుల కొండ మీద బౌద్ధ విహారాలు, దుర్గకొండ మీద జైన ఆనవాళ్ళు, ఒక్క ఊళ్ళో మూడు మతాలు. గురుభక్తుల కొండకి దారి స్పష్టంగా ఉండదు, వానాకాలంలో పొదలు కమ్మేస్తాయి, రాళ్ళు జారతాయి. ఊళ్ళో తెలిసిన మనిషిని వెంట తీసుకుని పొద్దున్న తొమ్మిదిలోపే ఎక్కి దిగండి. రాముడి దర్శనం ఆ తర్వాత పెట్టుకున్నా మధ్యాహ్నం గుడి మూసేలోపు అందుతుంది.