టారిఫ్ అని చెప్పి ఆర్డర్ అయ్యాక మళ్ళీ డబ్బులు అడుగుతున్నారు, కెనడాలో షూటింగ్ రేంజ్‌కి వెళ్ళే మనవాళ్ళు జాగ్రత్త

అన్నలూ అక్కలూ తమ్ముళ్ళూ, ముందు అసలు విషయం చెప్పేస్తా, తీరిక ఉన్నవాళ్ళు మిగతాది తర్వాత చదువుకోండి. ఆన్‌లైన్‌లో గన్ గానీ తూటాలు గానీ ఆర్డర్ పెట్టి డబ్బు కట్టేశాక "టారిఫ్ అడ్జస్ట్‌మెంట్" అని ఇంకో బిల్లు మెయిల్‌లో వస్తే వెంటనే కట్టకండి. టారిఫ్ అంటే వేరే దేశం నుంచి వచ్చే సరుకు మీద వేసే దిగుమతి సుంకం, కాబట్టి ఆ వస్తువు ఏ దేశంలో తయారైందో అడగండి, రాతపూర్వకంగా అడగండి, ఫోన్‌లో కాదు. ఈ ఒక్క ప్రశ్నకి చాలామంది షాపు వాళ్ళ దగ్గర జవాబు ఉండదు.

జరిగింది ఇది. మేముండేది ఒంటారియోలో. నాకు పాల్ లైసెన్స్ (కెనడాలో గన్ కొనడానికి, ఉంచుకోడానికి ఇచ్చే లైసెన్స్) ఉంది, పాయింట్ 22 రైఫిల్‌తో పేపర్ టార్గెట్లు కొట్టడం నాకిష్టం. లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ బ్రాంజ్ కొట్టినప్పటి నుంచి ఉన్న పిచ్చి, ఇండియాలో కుదరలేదు, ఇక్కడికొచ్చాక సేఫ్టీ కోర్సు చేసి మొదలెట్టా. మా రేంజ్‌లో ట్రాప్ (గాల్లోకి విసిరిన మట్టి బిళ్ళల్ని షాట్‌గన్‌తో కొట్టే ఆట) ఆడే గుంటూరు అన్న ఒకాయన ఉన్నారు, ఇద్దరం కలిసి 2025 అక్టోబర్‌లో ఒకే ఆన్‌లైన్ షాపులో కొన్నాం, షిప్పింగ్ కలిసొస్తుందని. నాకు ఒక సావేజ్ మార్క్ టూ రైఫిల్, ఒక బ్రిక్ (పెద్ద ప్యాక్) ఎస్‌కే తూటాలు, ఆయనకి చాలెంజర్ 12 గేజ్ షాట్‌గన్ తూటాలు ఒక కేస్. సైట్‌లో అన్నిటికీ స్టాక్ ఉందనే చూపించింది. నా వస్తువులకి నేను క్రెడిట్ కార్డు మీద కట్టాను, ఆయన ఈ-ట్రాన్స్‌ఫర్ (బ్యాంకు ఖాతా నుంచి నేరుగా పంపడం) చేశారు, ఎందుకంటే ఈ-ట్రాన్స్‌ఫర్‌కి 3 శాతం తగ్గిస్తామని అక్కడే రాసుంది.

డబ్బు వాళ్ళ ఖాతాలో పడిన తర్వాత చావు కబురు చల్లగా చెప్పినట్టు మెయిల్ వచ్చింది. ట్రేడ్ టారిఫ్‌ల వల్ల మీ ఆర్డర్ మొత్తం మీద 25 శాతం అదనంగా కట్టాలి, 48 గంటల్లో కట్టకపోతే ఆర్డర్ కాన్సిల్, కాన్సిల్ అయితే 20 శాతం రీస్టాకింగ్ ఫీజు పట్టుకుంటాం అని. అంటే కడితే పాతిక శాతం పోతుంది, కట్టకపోతే ఇరవై శాతం పోతుంది. సరుకు షాపు గుమ్మం కూడా దాటకముందే రీస్టాకింగ్ ఏంటో, దేన్ని తిరిగి షెల్ఫ్‌లో పెడతారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఇప్పుడు ఆ మూడు వస్తువులూ ఒక్కొక్కటి చూడండి. సావేజ్ అమెరికా కంపెనీయే, కాదనను, కానీ మార్క్ టూ తయారయ్యేది ఇక్కడే ఒంటారియోలో లేక్‌ఫీల్డ్ ఫ్యాక్టరీలో. మా రేంజ్‌లో ఒకాయన దగ్గర అదే రైఫిల్ ఉంటే అడిగి చేతిలోకి తీసుకుని వెలుతురులో పెట్టి చూశా, లోహం మీద చిన్న అక్షరాల్లో లేక్‌ఫీల్డ్, ఒంటారియో, కెనడా అని చెక్కి ఉంది, వేలితో తడిమితే తగులుతుంది. మా ఇంటి నుంచి కారులో వెళ్ళి సాయంత్రానికి తిరిగి రాగలిగే ఊరు అది, ఏ బోర్డర్ దాటిందని దానికి టారిఫ్? ఎస్‌కే తూటాలు జర్మనీలో షోనెబెక్ అనే ఊరి నుంచి వస్తాయి, 50 తూటాల చిన్న పెట్టె మీద కూడా జర్మనీ అనే ఉంటుంది. కెనడా అమెరికా సరుకు మీద బదులుగా వేసిన కౌంటర్ టారిఫ్‌కీ జర్మనీ సరుకుకీ సంబంధమే లేదు. ఇక చాలెంజర్ క్వెబెక్‌లో చేస్తారు, పక్క ప్రావిన్స్. మూడిట్లో ఒక్కటి కూడా అమెరికాలో తయారైంది కాదు, అయినా మూడిటి మీదా 25 శాతం వేశారు.

ఇంకొకటి గట్టిగా గుర్తుపెట్టుకోండి, దీన్నే ఎక్కువమంది గమనించట్లేదు. నిజంగా టారిఫ్ ఉన్న వస్తువే అనుకుందాం, అప్పుడు కూడా అది మనం కట్టే రిటైల్ ధర మీద ఉండదు, బోర్డర్ దగ్గర ఇంపోర్టర్ చూపించే విలువ మీద ఉంటుంది. ఉదాహరణకి ఇంపోర్టర్‌కి 50 డాలర్లకి వచ్చిన పెట్టె షాపులో 80కి అమ్ముతున్నారనుకోండి, 25 శాతం టారిఫ్ అంటే 50 మీద పన్నెండున్నర డాలర్లు. షాపు వాడు 80 మీద 25 శాతం వేస్తే 20 డాలర్లు. ఆ ఏడున్నర డాలర్లు ఏ ప్రభుత్వానికీ వెళ్ళవు. పైగా మొత్తం మీద మళ్ళీ ఒంటారియోలో 13 శాతం అమ్మకం పన్ను హెచ్‌ఎస్‌టీ పడుతుంది కాబట్టి ఆ దొంగ లెక్క మీద కూడా మనం టాక్స్ కడుతున్నాం. అల్బర్టాలో ఉన్నవాళ్ళకి 5 శాతం జీఎస్‌టీయే కాబట్టి దెబ్బ కొంచెం తక్కువ, అంతే తేడా.

తేదీలు కూడా చెప్తా, షాపు వాడు ఏదైనా అంటే మీ దగ్గర జవాబు ఉండాలి కదా. అమెరికా కెనడా మీద టారిఫ్‌లు వేసింది, బదులుగా కెనడా 3000 కోట్ల డాలర్ల అమెరికా సరుకు మీద 25 శాతం వేసింది, రెండూ 2025 మార్చి 4నే. ఆ నెలలోనే స్టీల్, అల్యూమినియం, ఇంకొన్ని వస్తువుల మీద రెండో విడత వచ్చింది. ఆగస్టులో ప్రధాని కార్నీ ప్రకటించి, సెప్టెంబర్ 1 నుంచి కుస్మా (కెనడా, అమెరికా, మెక్సికో వాణిజ్య) ఒప్పందం కిందకి వచ్చే అమెరికా సరుకు మీద కౌంటర్ టారిఫ్‌లు చాలావరకు తీసేశారు, స్టీల్, అల్యూమినియం, కార్ల మీద మాత్రం ఉంచారు. మా ఆర్డర్ అక్టోబర్‌ది. టారిఫ్ తీసేశాక టారిఫ్ వసూలు చేయడం ఏంటండీ! వసంతకాలంలో టారిఫ్ కట్టి తెచ్చిన పాత సరుకు ఇంకా షెల్ఫ్‌లో ఉంటే దాని ధర ఎక్కువ ఉండటం న్యాయమే, నేనొప్పుకుంటా, కానీ ఆ ధర మనం కొనేముందే ట్యాగ్ మీద ఉండాలి, డబ్బు కట్టించుకున్నాక కాదు.

షాపుల వాళ్ళందరూ ఇలాంటివాళ్ళని అనట్లేదు. నిజంగానే ఖర్చులు పెరిగాయి. తూటా కేసింగ్ ఇత్తడి, ఇత్తడి అంటే రాగి, రాగి రేటు ఎక్కడికి పోయిందో చూస్తూనే ఉన్నాం. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక ఫిరంగి గుండ్లకి నైట్రోసెల్యులోజ్ (పౌడర్ తయారీకి వాడే పదార్థం) లాగేస్తుంటే మన తూటాల్లోకి వెళ్ళే పౌడర్‌కి కొరత వచ్చింది, ఇంట్లో రీలోడింగ్, అంటే ఖాళీ కేసింగ్‌లు మళ్ళీ నింపుకోవడం, చేసుకునేవాళ్ళని అడగండి చెప్తారు. కెనడా డాలర్ బలహీనంగా ఉంది. అన్నిటికీ మించి ఇక్కడి మార్కెట్టే కుంచించుకుపోయింది, 2020 మేలో దాదాపు 1500 మోడల్స్ బ్యాన్ చేశారు, 2022 అక్టోబర్‌లో హ్యాండ్‌గన్ అమ్మకాలు ఫ్రీజ్ చేశారు, 2024 డిసెంబర్‌లో ఇంకో 324 మోడల్స్, 2025 మార్చిలో ఇంకో 179. అమ్ముకోడానికి వీల్లేని స్టాక్ గోడౌన్‌లో పెట్టుకుని కూర్చున్న చిన్న షాపులు ఉన్నాయి, వాళ్ళ బాధ చూస్తే కడుపు తరుక్కుపోతుంది. మా దగ్గర్లో ఒక చిన్న షాపాయన ఏం చేశారంటే ప్రతి ట్యాగ్ మీద తయారైన దేశం రాసి, టారిఫ్ కట్టి తెచ్చిన వాటికి మాత్రం పక్కన ఎంత కట్టారో రాసిపెట్టారు. ఆయన దగ్గర రెండు డాలర్లు ఎక్కువైనా సంతోషంగా కొంటా. మాకు తగిలినవాడు మాత్రం సందట్లో సడేమియా, పేపర్‌లో టారిఫ్ అనే మాట కనిపించింది కాబట్టి ఎవరూ అడగరులే అనే ధైర్యం.

నేను మెయిల్ రాశా, ఏ వస్తువుకి ఏ హెచ్‌ఎస్ కోడ్ (కస్టమ్స్ వాళ్ళు ప్రతి రకం సరుకుకీ ఇచ్చే నంబర్) కింద ఎంత కట్టారో చెప్పండి, తయారైన దేశం రాయండి అని. గన్‌లూ తూటాలూ కస్టమ్స్ పుస్తకంలో 93వ చాప్టర్‌లో ఉంటాయి, ఇంపోర్ట్ చేసేవాడికి ఆ నంబర్ లేకుండా పని జరగదు కాబట్టి చెప్పలేకపోవడం అనేది ఉండదు. వచ్చిన జవాబు ఒకే లైను, "బ్రాండ్ అమెరికాది కాబట్టి వర్తిస్తుంది" అని. వర్తించదు. టారిఫ్ చూసేది తయారైన దేశాన్ని, పెట్టె మీద లోగోని కాదు. స్కోపులు కొనేవాళ్ళకి ఇది మరీ ముఖ్యం, అమెరికా పేరున్న స్కోపులు చాలా మోడల్స్ చైనాలోనో ఫిలిప్పీన్స్‌లోనో జపాన్‌లోనో తయారవుతాయి, పెట్టె అడుగున చూడండి.

తర్వాత ఫోన్ చేస్తే ఎత్తలేదు, 48 గంటలు దాటగానే ఆర్డర్లు కాన్సిల్ చేసి చెరో 20 శాతం కోసుకున్నారు. నేను కార్డు కంపెనీకి డిస్‌ప్యూట్ వేశా, మెయిల్స్, ఆర్డర్ రోజు సైట్ స్క్రీన్‌షాట్లు, లేక్‌ఫీల్డ్ అని చెక్కిన ఫోటో అన్నీ పెట్టి. నా డబ్బు పూర్తిగా వెనక్కి వచ్చింది. అన్నకి రాలేదు. ఈ-ట్రాన్స్‌ఫర్ ఒకసారి అవతలివాడు డిపాజిట్ చేసుకున్నాక బ్యాంకు చేతులెత్తేస్తుంది, చార్జ్‌బ్యాక్ (కార్డు కంపెనీ డబ్బు వెనక్కి తెప్పించడం) అనేదే ఉండదు. 3 శాతం డిస్కౌంట్ ఎందుకిస్తున్నాడో ఇప్పుడు అర్థమైంది కదా. తెలియని ఆన్‌లైన్ షాపులో ఎంత డిస్కౌంట్ ఇచ్చినా సరే, క్రెడిట్ కార్డు తప్ప ఇంకోటి వాడకండి, ఇది మాత్రం బతిమాలి చెప్తున్నా.

చట్టం మన వైపే ఉంది. ఒంటారియో కన్స్యూమర్ ప్రొటెక్షన్ యాక్ట్ ప్రకారం ఆన్‌లైన్ కొనుగోలులో మొత్తం ధర ముందే చెప్పాలి, చెప్పిన డెలివరీ తేదీ దాటి 30 రోజులైనా సరుకు రాకపోతే కాన్సిల్ చేసుకోవచ్చు, చట్టప్రకారం కాన్సిల్ చేస్తే 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. ధర ఒకటి చూపించి తర్వాత తప్పనిసరి ఫీజులు తగిలించడాన్ని డ్రిప్ ప్రైసింగ్ అంటారు, 2022 నుంచి కాంపిటీషన్ యాక్ట్‌లో పేరు పెట్టి మరీ మోసపూరిత మార్కెటింగ్ అని రాశారు. సినిమా హాళ్ళ కంపెనీ సినీప్లెక్స్ మీద 2024లో ట్రిబ్యునల్ 3 కోట్ల 89 లక్షల డాలర్ల పెనాల్టీ వేసింది ఇలాంటి దానికే, టికెట్ మీద డాలరున్నర బుకింగ్ ఫీజు గురించి. డాలరున్నరకే అంత అయితే 25 శాతం సంగతి ఆలోచించండి.

గన్ కొనేవాళ్ళకి ఇంకో మాట. 2022 మే నుంచి నాన్ రెస్ట్రిక్టెడ్ (మామూలు వేట, టార్గెట్ రైఫిళ్ళలాంటి) గన్ అయినా సరే అమ్మేవాడు మన లైసెన్స్ చెక్ చేయించి ప్రభుత్వ ఫైర్‌ఆర్మ్స్ రిజిస్ట్రార్ దగ్గర రిఫరెన్స్ నంబర్ తీసుకోకుండా గన్ చేతులు మారకూడదు, ఆ నంబర్ 90 రోజులు చెల్లుతుంది. నా విషయంలో వాళ్ళు ఆ నంబర్ తీసుకోనే లేదు, అంటే రైఫిల్ పంపే ఉద్దేశం మొదటి నుంచీ ఉందో లేదో కూడా అనుమానమే. కాబట్టి డబ్బు కట్టాక రిఫరెన్స్ నంబర్ వచ్చిందా అని అడగండి, నసిగితే జాగ్రత్తపడండి. మన పాల్ కార్డు ఫోటో రెండు వైపులా మెయిల్‌లో పంపించుకున్నారు, అందులో మన ఫోటో, పుట్టిన తేదీ, లైసెన్స్ నంబర్ అన్నీ ఉంటాయి, ఆర్డర్ కాన్సిల్ అయితే ఆ ఫోటో డిలీట్ చేసి ఆ మాట రాసివ్వమని అడగండి, ఆడవాళ్ళు ఒంటరిగా ఉండేవాళ్ళు మరీను.

ఈ రేట్లు చూసి కొంతమంది బోర్డర్ అవతల అమెరికాలోని బఫెలో వెళ్ళి తెచ్చుకుంటే పోలా అంటున్నారు. వద్దు. కెనడా వైపు రూల్స్ వేరు, అమెరికా నుంచి తూటాలు బయటికి తీసుకెళ్ళడానికి వాళ్ళ ఎక్స్‌పోర్ట్ రూల్స్ వేరు, వర్క్ పర్మిట్ మీదో పీఆర్ మీదో ఉన్నవాళ్ళు నాలుగు పెట్టెల కోసం బోర్డర్ దగ్గర ఇరుక్కుంటే ఇమిగ్రేషన్ ఫైల్ దాకా వెళ్తుంది. అలాగే "టారిఫ్ లేదు, పాత ధరకే" అని సెకండ్ హ్యాండ్ గన్‌లు అమ్ముతామనేవాళ్ళున్నారు, ఆ మోడల్ బ్యాన్ లిస్టులో ఉందేమో ఆర్‌సీఎంపీ (కెనడా ఫెడరల్ పోలీస్) ఫైర్‌ఆర్మ్స్ రిఫరెన్స్ టేబుల్‌లో చూసుకోకుండా ఒక్క డాలర్ కూడా ఇవ్వకండి. బ్యాన్ అయిన గన్ కొంటే డబ్బు పోవడంతో ఆగదు, కేసు అవుతుంది.

షాపు పేరు ఇక్కడ రాయట్లేదు, ఫిర్యాదు నడుస్తోంది. అన్న తరఫున కన్స్యూమర్ ప్రొటెక్షన్ ఒంటారియోకి, కాంపిటీషన్ బ్యూరోకి రెండిటికీ రాశాం. ఒక్క బిల్లుతో వెళ్తే పొరపాటున జరిగిందంటారు, పది బిల్లులు చూపిస్తే వాడి పద్ధతే అదని తెలుస్తుంది. 2025 సెప్టెంబర్ 1 తర్వాత ఎవరికైనా ఆర్డర్ పెట్టాక టారిఫ్ పేరుతో అదనపు బిల్లు వచ్చి ఉంటే, ఏ షాపైనా సరే, మీ పేరు, అడ్రస్, పాల్ నంబర్ చెరిపేసి ఆ బిల్లు ఫోటో నాకు మెసేజ్ చేయండి, ఆర్డర్ తేదీ, వస్తువు పేరు, పెట్టె మీద రాసున్న దేశం ఈ మూడూ స్పష్టంగా కనిపిస్తే చాలు, మా ఫిర్యాదుకి జతచేస్తాం.